ఈటింగ్ డిజార్డర్ నుంచి కోలుకోవడానికి చికిత్స, తోడ్పాటు: దశలవారీ సమగ్ర మార్గదర్శి

ఈటింగ్ డిజార్డర్‌తో, అంటే తినే తీరును దెబ్బతీసే మానసిక రుగ్మతతో బాధపడుతున్నవారు గానీ, వారి ఇంటివారు గానీ సాయం కోసం వెతకడం మొదలుపెట్టగానే వినిపించే సలహాలు చాలా వరకు మనసు చుట్టూనే తిరుగుతాయి. ముందు మిమ్మల్ని మీరు ఇష్టపడటం నేర్చుకోండి, అసలు కారణమేమిటో తెలుసుకోండి, మారాలన్న పట్టుదల తెచ్చుకోండి, అప్పుడు తిండి దానంతటదే దారిలో పడుతుంది అని చెబుతారు. ఈ వరుస తలకిందులుగా ఉంది. తిండి క్రమంలో పడి, శరీరానికి పోషణ అందడం మొదలైన తర్వాతే మనసు తేరుకుంటుంది. అందుకే ఇక్కడి దశలను ఆ వరుసలోనే పేర్చాను: ముందు ప్రాణానికి ప్రమాదం లేకుండా చూసుకోవడం, వెంటనే తిండిని క్రమబద్ధం చేయడం, దానితోపాటే థెరపీ, ఆ తర్వాత చాలా కాలం పాటు కోలుకున్నదాన్ని నిలబెట్టుకోవడం.

ఈ మాటకు ఆధారం ఉంది. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 1944–45లో 36 మంది యువకులతో, వారి సమ్మతి మీద, ఒక ప్రయోగం చేశారు. శారీరకంగానూ మానసికంగానూ ఆరోగ్యంగా ఉన్నవారినే ఏరి తీసుకుని, 24 వారాల పాటు వారి తిండిని దాదాపు సగానికి తగ్గించారు. బరువులో సుమారు నాలుగో వంతు కోల్పోయేసరికి ఆ యువకులు రోజంతా తిండి గురించే ఆలోచించసాగారు; వంటల పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు; కొద్దిపాటి భోజనాన్ని గంటల తరబడి సాగదీశారు; స్నేహితులకు దూరమై, దిగులుతో, చిరాకుతో, ఎప్పుడూ చలితో బాధపడ్డారు. మళ్లీ కావలసినంత తిండి దొరికాక కొందరు ఎంత తిన్నా ఆకలి తీరక అదుపు లేకుండా తిన్నారు. వారెవరికీ అంతకు ముందు ఈటింగ్ డిజార్డర్ లేదు. రోగి స్వభావమని మనం అనుకునే లక్షణాల్లో చాలా భాగం ఆకలి పుట్టించినవేనని, తిండి అందితేనే అవి తగ్గుతాయని దీని నుంచి అర్థమవుతుంది. కాబట్టి మారాలనే కోరిక బలపడే దాకా చికిత్సను వాయిదా వేయకండి. అసలు ఆ కోరికను పుట్టనివ్వకుండా అడ్డుకునేది ఈ రోగమే.

మొదటి దశ: ఏమి జరుగుతోందో పేరు పెట్టి గుర్తించడం

ఈ రుగ్మతల్లో ప్రధానమైనవి నాలుగు. తిండిని బాగా తగ్గించి, బరువు పెరుగుతుందన్న తీవ్రమైన భయంతో బతకడం అనొరెక్సియా నెర్వోసా. అదుపు తప్పి తినడం, ఆ తర్వాత వాంతి చేసుకోవడం, విరేచనాల మందులు వాడటం, పస్తులుండటం, మితిమీరిన వ్యాయామం వంటివాటితో దానిని సరిచేయాలని చూడటం బులీమియా నెర్వోసా. దీనిని జెరాల్డ్ రసెల్ 1979లో ప్రత్యేక రుగ్మతగా వర్ణించారు. అదుపు తప్పి తినడం ఉండి, ఆ తర్వాతి చర్యలు లేకపోతే అది బింజ్ ఈటింగ్ డిజార్డర్; అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తన రోగనిర్ధారణ గ్రంథంలో 2013లో దీనికి విడిగా స్థానమిచ్చింది. బరువు గురించిన చింత ఏమీ లేకుండానే, వాసన, మెత్తదనం, గొంతులో అడ్డుపడుతుందన్న భయం వంటి కారణాలతో తిండిని బాగా పరిమితం చేసుకోవడం నాలుగోది.

చూసి చెప్పగలిగే రోగం కాదిది. సన్నగా లేనివారికి, మగవారికి, నడివయసు దాటినవారికి కూడా వస్తుంది. పెద్ద శరీరం ఉన్న వ్యక్తి తక్కువ కాలంలో చాలా బరువు తగ్గితే చుట్టుపక్కలవారు మెచ్చుకుంటారు గానీ, లోపల గుండె, రక్తం పడే ఇబ్బంది సన్నటి రోగిలో ఉన్నంత తీవ్రంగానూ ఉండవచ్చు. అటువంటివారికి నిర్ధారణ ఆలస్యం కావడం నన్ను ఎక్కువగా కలవరపెట్టే విషయం.

1999లో రూపొందిన ఐదు ప్రశ్నల పరీక్ష ఒకటి ఇప్పటికీ వైద్యులకు ఉపయోగపడుతోంది. కడుపు ఇబ్బందికరంగా నిండిందని వాంతి చేసుకుంటున్నారా? ఎంత తింటున్నారన్నది మీ చేతుల్లో లేకుండా పోయిందని దిగులు పడుతున్నారా? ఈమధ్య మూడు నెలల వ్యవధిలో ఆరు కిలోలకు పైగా తగ్గారా? ఇతరులు సన్నగా ఉన్నారంటున్నా మీకు మీరు లావుగా కనిపిస్తున్నారా? మీ జీవితాన్ని తిండే ఏలుతోందని అనిపిస్తోందా? వీటిలో రెండింటికి అవునన్న జవాబు వస్తే వైద్యుణ్ని కలవాలి. ఇది నిర్ధారణ కాదు, తలుపు తట్టడానికి తగిన కారణం మాత్రమే. ఐదింటికీ కాదన్న జవాబు వచ్చినా తిండి విషయంలో బాధ ఉంటే వెళ్లడానికి అది చాలు.

రెండో దశ: థెరపిస్టు కంటే ముందు వైద్యుడు

మొదటి అపాయింట్‌మెంటు శరీర పరీక్షకే తీసుకోండి. కూర్చుని, లేచి నిలబడినప్పుడు నాడి, రక్తపోటు, శరీర ఉష్ణోగ్రత, ఈసీజీ, రక్తంలో పొటాషియం, ఫాస్ఫేట్, మెగ్నీషియం, చక్కెర, మూత్రపిండాల పనితీరు చూడాలి. వాంతులు, విరేచనాల మందులు, మూత్రం ఎక్కువ పోయే మందులు పొటాషియంను తగ్గిస్తాయి. పొటాషియం పడిపోతే గుండె లయ తప్పుతుంది. ఏం చేస్తున్నారో వైద్యుడితో దాచకుండా చెప్పండి. నోటితో చెప్పలేకపోతే కాగితం మీద రాసి ఇవ్వండి. ఒక హెచ్చరిక కూడా అవసరం: ప్రమాదం దగ్గరపడేంత వరకూ రక్తపరీక్షలు మామూలుగానే రావచ్చు. రిపోర్టు బాగుందన్నంత మాత్రాన రోగం లేదని ఇంటివారు తీర్మానించకూడదు.

స్పృహ తప్పడం, ఛాతీ నొప్పి, గుండె దడ, మేలుకుని ఉన్నప్పుడు నాడి నిమిషానికి 40 కంటే తక్కువగా ఉండటం, వాంతిలో రక్తం, కింద కూర్చుంటే చేతుల ఊతం లేకుండా లేవలేకపోవడం, కొన్ని రోజులుగా దాదాపు ఏమీ తినకపోవడం, నీళ్లు కూడా మానేయడం, చనిపోవాలన్న ఆలోచనలు: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్లాలి. మానసిక రుగ్మతల్లో మరణాల రేటు ఎక్కువగా ఉన్నవాటిలో అనొరెక్సియా ఒకటి, ఆ మరణాల్లో ఆత్మహత్యలూ ఉన్నాయి. టైప్ 1 మధుమేహం ఉన్న వ్యక్తి బరువు కోసం ఇన్సులిన్ తగ్గించుకుంటున్నా, మానేస్తున్నా అదీ ఇంతే అత్యవసరం.

చాలా రోజులు తిండి లేకుండా ఉన్నవారు, బాగా బరువు కోల్పోయినవారు సొంతంగా ఒక్కసారిగా ఎక్కువ తినడం మొదలుపెట్టకూడదు. ఉపవాసంలో ఉన్న శరీరానికి ఉన్నట్టుండి పిండిపదార్థాలు అందితే ఇన్సులిన్ పెరిగి, ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం రక్తంలోంచి కణాల్లోకి వేగంగా వెళ్లిపోతాయి. గుండె, ఊపిరి దెబ్బతినవచ్చు. దీనినే రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. మొదటి కొన్ని రోజుల్లోనే ఈ ప్రమాదం ఎక్కువ కాబట్టి ఆ సమయంలో వైద్య పర్యవేక్షణ, తరచూ రక్తపరీక్షలు, థయామిన్ (విటమిన్ బి1) అవసరమవుతాయి. దీనికి భయపడి తిండిని మరీ కొంచెంగా పెట్టడమూ రోగికి హాని చేస్తుంది. ఎంతతో మొదలుపెట్టాలో, ఎంత వేగంగా పెంచాలో వైద్యుడు, డైటీషియన్ కలిసి నిర్ణయించాలి.

వాంతులు చేసుకునేవారు ఆ వెంటనే పళ్లు తోముకోకూడదు. ఆమ్లంతో మెత్తబడిన ఎనామెల్ (పంటి పైపొర) బ్రష్‌తో అరిగిపోతుంది. నీళ్లతో పుక్కిలించి, కనీసం అరగంట ఆగాలి. నెలసరి ఆగిపోయినవారికి గర్భనిరోధక మాత్రలతో రక్తస్రావం వచ్చినా అది శరీరం కోలుకున్నట్టు కాదు, ఎముకలను కాపాడేదీ ఆ మాత్ర కాదు. పోషణ, తగిన బరువు తిరిగి రావడమే ఎముకలకు అసలైన మందు.

మూడో దశ: సరైన మనుషులను ఎంచుకోవడం

ఆదర్శంగా ఒక వైద్యుడు, ఒక థెరపిస్టు, ఒక డైటీషియన్, అవసరమైతే సైకియాట్రిస్టు కలిసి పనిచేయాలి. అందరూ దొరకనప్పుడు శరీరాన్ని చూసే వైద్యుడు, ఈ రుగ్మతలో అనుభవమున్న థెరపిస్టు అన్న ఇద్దరు తప్పనిసరి. వారు ఒకరితో ఒకరు మాట్లాడుకునేందుకు మీరు రాతపూర్వకంగా అనుమతి ఇవ్వండి. లేకపోతే ఒకరికి చెప్పింది మరొకరికి తెలియని ఆ సందుల్లోనే రోగం దాక్కుంటుంది.

థెరపిస్టును ఎంచుకునేటప్పుడు మొహమాటపడకుండా అడగవలసినవి కొన్ని ఉన్నాయి. ఈటింగ్ డిజార్డర్ ఉన్నవారికి ఇంతకు ముందు చికిత్స చేశారా? ఏ పద్ధతి వాడతారు? నా తిండి, బరువు, వాంతుల సంఖ్య వంటివి క్రమం తప్పకుండా చూస్తారా? నాలుగైదు వారాల్లో మార్పు లేకపోతే ఏం చేస్తారు? నెలల తరబడి బాల్యం గురించే మాట్లాడుతూ, ఈ వారం ఏం తిన్నారని ఒక్కసారీ అడగని కౌన్సెలింగ్ ఎంత హాయిగా ఉన్నా ఈ రోగానికి సరిపోదని నా అభిప్రాయం. బరువు తగ్గించే ఆహార ప్రణాళిక చేతికిచ్చే డైటీషియన్ దగ్గర కూడా, ముఖ్యంగా బింజ్ ఈటింగ్ ఉన్నవారు, ఆగకూడదు. కడుపు మాడ్చుకోవడమే తర్వాతి బింజ్‌కు, అంటే అదుపు తప్పి తినడానికి దారి తీస్తుంది.

నాలుగో దశ: తిండిని గడియారం ప్రకారం నడపడం

అన్నిటికంటే కష్టమైనది, అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చేది ఈ దశే. రోజుకు మూడు పూటల భోజనం, వాటి మధ్య రెండు లేదా మూడు సార్లు చిరుతిండి, రెండింటి మధ్య దాదాపు నాలుగు గంటలకు మించని విరామం అన్నది మూల సూత్రం. ఆకలి వేస్తే తిందాం, కడుపు నిండితే ఆపుదాం అన్న మాట ఇప్పుడు పనికిరాదు. ఈ రోగంలో ఆకలి, తృప్తి తెలిపే సంకేతాలు చెడిపోయి ఉంటాయి, అవి తిరిగి నమ్మదగినవి కావడానికి నెలలు పడుతుంది. అందాకా గడియారాన్నే నమ్మండి. నిన్న రాత్రి బింజ్ జరిగినా ఈ ఉదయపు పూట మానకూడదు. బింజ్ తర్వాత తిండి మానేయడమే ఆ చక్రాన్ని తిప్పుతూ ఉండే బలం. తక్కువ బరువు ఉన్నవారికి ఈ క్రమం ఒక్కటే సరిపోదు, పరిమాణమూ పెరగాలి. అది మనిషిని బట్టి మారుతుంది కాబట్టి కెలోరీల అంకెలను ఇక్కడ కావాలనే ఇవ్వడం లేదు.

ముందు రోజు రాత్రే మర్నాటి పూటలను, వేళలను నిర్ణయించుకోండి. పళ్లెం ముందు కూర్చున్నాక నిర్ణయం తీసుకోవలసి వస్తే ఆ నిర్ణయం రోగమే తీసుకుంటుంది. తిన్న వెంటనే ఏం తిన్నారో, ఎక్కడ, ఎవరితో, ఆ క్షణంలో ఏమనిపించిందో రాయండి. రాత్రికి గుర్తు చేసుకుని రాసిన దానికి, అప్పటికప్పుడు రాసిన దానికి విలువలో చాలా తేడా ఉంది. బింజ్‌కు ముందు ఏం జరిగిందన్న చిన్న వివరాలు అప్పటికప్పుడు రాస్తేనే దొరుకుతాయి. కెలోరీలు మాత్రం రాయకండి, లెక్కపెట్టే యాప్‌లు ఫోన్‌లో ఉంచుకోకండి.

మొదటి వారాల్లో శరీరం ఎదురు తిరిగినట్టు అనిపిస్తుంది. కొద్దిగా తిన్నా కడుపు ఉబ్బరంగా ఉంటుంది, ఎందుకంటే తిండి లేని కాలంలో జీర్ణాశయం నెమ్మదించి ఉంటుంది. కాళ్లు, ముఖం నీరు పట్టవచ్చు. వాంతులు, విరేచనాల మందులు మానినప్పుడు ఇది మరీ స్పష్టంగా కనిపిస్తుంది. రాత్రిళ్లు చెమటలు పోయవచ్చు. ఇవి చాలా వరకు తాత్కాలికమే గానీ వైద్యుడికి చెప్పాలి. విరేచనాల మందులను చాలా కాలంగా ఎక్కువ మోతాదులో వాడినవారు వాటిని ఎలా మానాలో కూడా వైద్యుణ్నే అడగాలి. ఈ రోజుల్లో తక్కువ తినాలనిపించడం సహజం. కానీ ఉబ్బరం తగ్గే మార్గం కూడా క్రమం తప్పకుండా తినడమే.

ఐదో దశ: మీ వయసుకు, మీ రుగ్మతకు తగిన థెరపీ

పిల్లలకు, కౌమారంలో ఉన్నవారికి అనొరెక్సియా వస్తే మొదట ఆలోచించవలసింది కుటుంబ ఆధారిత చికిత్స. లండన్‌లోని మాడ్స్‌లీ ఆసుపత్రిలో 1980లలో రూపుదిద్దుకున్న ఈ పద్ధతి తల్లిదండ్రులను తప్పుబట్టదు, చికిత్సకు వారినే ముఖ్య బలంగా తీసుకుంటుంది. ఈ చికిత్స మొదటి దశలో ఏం తినాలి, ఎంత తినాలి అన్న నిర్ణయం పూర్తిగా తల్లిదండ్రులదే. బరువు కోలుకుంటున్న కొద్దీ రెండో దశలో ఆ బాధ్యతను మెల్లమెల్లగా పిల్లలకు తిరిగి అప్పగిస్తారు. మూడో దశలో చదువు, స్నేహాలు, స్వతంత్రం వంటి ఆ వయసు విషయాల మీద పని చేస్తారు. తోబుట్టువులు కూడా సెషన్లకు వస్తారు, కానీ వారి పని కాపలా కాయడం కాదు, తోడుగా ఉండటం. ఇది సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది పాటు సాగుతుంది.

పెద్దవారికి విస్తృతంగా వాడేది ఆక్స్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ రూపొందించిన ప్రత్యేక కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనలను, అలవాట్లను మార్చే చికిత్స). బరువు మరీ తక్కువగా లేనివారికి 20 వారాల్లో సుమారు 20 సెషన్లు, తక్కువ బరువు ఉన్నవారికి 40 వారాలు పడుతుంది. మొదటి నాలుగు వారాలు వారానికి రెండు సార్లు కలవడం ముఖ్యం, ఎందుకంటే చివరి ఫలితం ఎలా ఉంటుందో తొలి వారాల మార్పును బట్టి చాలా వరకు తెలుస్తుంది. ఈ థెరపీలో బరువు చూడటం వారానికి ఒక్కసారి, అదీ థెరపిస్టు సమక్షంలోనే. రోజుకు పదిసార్లు తూకం ఎక్కడం ఎంత హానికరమో, భయంతో అసలే చూడకపోవడమూ అంతే. మనిషి తన విలువనంతా బరువు, ఆకారం మీదే కొలుచుకోవడం ఈ రోగానికి మూలం కాబట్టి, అద్దంలో పదేపదే చూసుకోవడం, ఒంటిని కొలుచుకోవడం, ఇతరులతో పోల్చుకోవడం వంటి అలవాట్లను ఒక్కొక్కటిగా గుర్తించి తగ్గిస్తారు. భయపడే పదార్థాల జాబితా రాసి, తక్కువ భయం కలిగించేదానితో మొదలుపెట్టి మళ్లీ తినడం నేర్పుతారు.

బులీమియా, బింజ్ ఈటింగ్ ఉన్న పెద్దలకు మొదటి మెట్టుగా, ఒక నిపుణుడు అప్పుడప్పుడూ కలిసి నడిపించే స్వయంసహాయక కార్యక్రమాన్ని బ్రిటన్‌లో చికిత్సా ప్రమాణాలను నిర్దేశించే నైస్ సంస్థ 2017 మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. కొన్ని వారాల్లో ఫలితం కనిపించకపోతే పూర్తి థెరపీకి మారాలి. పెద్దవారి అనొరెక్సియాకు అవే మార్గదర్శకాలు రోగాన్ని నిలిపి ఉంచే కారణాల మీద పనిచేసే మాంట్రా అనే పద్ధతిని, నిపుణుల సహాయక చికిత్సను కూడా చెబుతున్నాయి. భావోద్వేగాలు కట్టలు తెంచుకుని తనను తాను గాయపరచుకునే స్వభావం కూడా ఉన్నవారికి, ఉద్వేగాలను అదుపు చేసుకోవడం నేర్పే డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ, మనుషుల మధ్య సంబంధాలే బింజ్‌కు కారణమవుతున్నవారికి ఇంటర్‌పర్సనల్ థెరపీ ఉపయోగపడవచ్చు. ఈ రెండోది ఫలితం చూపడానికి కొంత ఎక్కువ కాలం తీసుకుంటుంది.

మందుల పాత్ర పరిమితం. బులీమియాలో ఫ్లుఆక్సెటిన్ రోజుకు 60 మిల్లీగ్రాములు, అంటే కుంగుబాటుకు సాధారణంగా ఇచ్చేదానికంటే ఎక్కువ మోతాదు, బింజ్‌లను, వాంతులను తగ్గించగలదు. బింజ్ ఈటింగ్‌కు లిస్‌డెక్స్‌ఆంఫెటమిన్‌ను అమెరికాలో 2015లో ఆమోదించారు, అయితే దానికి అలవాటు పడే ప్రమాదం ఉంది. అనొరెక్సియాను నయం చేసే మాత్ర లేదు. బ్యుప్రోపియాన్ అనే మందు బులీమియా, అనొరెక్సియా ఉన్నవారికి ఫిట్స్ తెప్పించవచ్చు కాబట్టి దానిని వాడకూడదు. ఇతర సమస్యకు వైద్యుడు అది రాస్తే మీ రోగం సంగతి తప్పక చెప్పండి.

ఆరో దశ: ఉద్రేకం వచ్చిన ఆ అరగంట

బింజ్ చేయాలని, వాంతి చేసుకోవాలని పుట్టే ఉద్రేకం పెరిగి, ఒక స్థాయికి చేరి, తగ్గుతుంది. లోబడితే తప్ప తగ్గదని రోగం నమ్మిస్తుంది. థెరపిస్టుతో కలిసి ముందుగానే ఒక చిన్న జాబితా తయారు చేసుకోండి: ఎవరికి ఫోన్ చేయాలి, ఇంట్లోంచి బయటికి వెళ్లాలా, చేతులకు పని చెప్పే ఏ పని చేయాలి. భోజనం తర్వాతి గంట సేపు ఒంటరిగా ఉండకుండా, ఎవరితోనైనా కూర్చోవడం చాలామందికి పని చేస్తుంది. ఒక్కసారి లోబడినా ఏమీ చెడిపోలేదు. తర్వాతి పూట వేళకు తినడమే చేయవలసిన పని. వ్యాయామం విషయంలో వైద్యుడి మాటే చివరిది. గాయమైనా, జ్వరమొచ్చినా ఆపలేని వ్యాయామం రోగంలో భాగమే.

ఏడో దశ: ఇంటివారు ఏం చేయాలి

రోగం వేరు, మనిషి వేరు అన్న ఎరుకతో మొదలుపెట్టండి. తిండి దగ్గర అబద్ధమాడేది, పళ్లెం విసిరేది మీ బిడ్డ కాదు, భయం. భోజన సమయంలో పోషకాల గురించి వాదించవద్దు, కెలోరీల బేరం ఆడవద్దు. ప్రశాంతంగా, కొద్ది మాటల్లో, కాస్త దృఢంగా చెప్పండి: ‘ఇది కష్టంగా ఉందని నాకు తెలుసు. నేను ఇక్కడే కూర్చుంటాను. ఇంకొక ముద్ద తిను.’ మిగతా సమయమంతా తిండికి సంబంధం లేని కబుర్లు చెప్పండి. భోజనం ముగిశాక మెచ్చుకోలు అతిగా వద్దు. కొందరికి అది ఓడిపోయిన భావన కలిగిస్తుంది.

‘ఇప్పుడు ముఖం నిండుగా, ఆరోగ్యంగా ఉంది’ అన్న మాట మీరు ప్రేమతోనే అంటారు, కానీ రోగి చెవికి అది లావయ్యావన్నట్టే వినిపిస్తుంది. రూపం గురించి మంచిగానూ చెడుగానూ మాట్లాడకండి, మీ గురించీ, పక్కవారి గురించీ కూడా. డైటింగ్ కబుర్లు ఇంట్లో పూర్తిగా ఆగిపోవాలి. తల్లిదండ్రులిద్దరూ ఒకే మాట మీద ఉండటం ఎంతో ముఖ్యం. ఒకరు పట్టుబట్టి మరొకరు సడలిస్తే ఆ సందులోంచి రోగం లోపలికి వస్తుంది. కోపంతో అరవడం, భయంతో అన్నిటికీ తలొగ్గడం రెండూ పని చేయవు.

సంరక్షకులు అలసిపోతారు. వంతులవారీగా కూర్చోండి, మీ నిద్ర చూసుకోండి, సంరక్షకుల సహాయక బృందం అందుబాటులో ఉంటే చేరండి. రోగులు సభ్యులుగా ఉండే బృందాల్లో మాత్రం నిపుణుల పర్యవేక్షణ ఉందా, బరువులు, అంకెలు, పద్ధతులు చెప్పుకోవడాన్ని నిషేధించారా అని ముందు విచారించండి. అలాంటి నియమం లేనిచోట కోలుకోవలసినవారి మధ్య పోటీ మొదలవుతుంది.

ఎనిమిదో దశ: మెరుగైన తర్వాత

బరువు కోలుకున్నాక కూడా లోపలి భయం చాలా నెలలు ఉంటుంది. శరీరం ముందు, ప్రవర్తన తర్వాత, ఆలోచనలు చివరగా కోలుకుంటాయి. అందరికీ మేలైనట్టు కనిపించే ఈ కాలంలోనే చికిత్స ఆపేయడం పెద్ద పొరపాటు, ఎందుకంటే చికిత్స ముగిసిన తొలి ఏడాదిలోనే తిరగబెట్టే అవకాశం ఎక్కువ. చివరి సెషన్లలో థెరపిస్టుతో కూర్చుని మీకే ప్రత్యేకమైన తొలి సంకేతాలను రాసుకోండి: ఒక పూట మానడం, ఒక రకం పదార్థాన్ని సాకు చెప్పి తప్పించుకోవడం, మళ్లీ తూకం కొనడం, ఎవరూ లేనప్పుడే తినాలనిపించడం. ఒక్కో సంకేతానికి ఎదురుగా ఏం చేయాలో, ఎవరికి చెప్పాలో రాసి, ఆ కాగితపు నకలు మీరు నమ్మే ఒకరి దగ్గర ఉంచండి. రోగం తిరిగి వచ్చినప్పుడు దానిని మొదట చూసేది సాధారణంగా పక్కనున్నవారే.

చదువు మారడం, ఇల్లు మారడం, గర్భం, ప్రసవం, ఆపరేషన్, జ్వరంతో తిండి తగ్గడం, ఆత్మీయులను పోగొట్టుకోవడం వంటి సమయాల్లో సంకేతాలు కనిపించకపోయినా ముందుగానే ఒక సెషన్ అడగండి. మీ గత రోగం గురించి ప్రతి కొత్త వైద్యుడికీ చెప్పండి, ముఖ్యంగా గర్భంతో ఉన్నప్పుడు, ఉపవాసం అవసరమైన పరీక్ష చేయించుకునేటప్పుడు, ఏ కారణంగానైనా బరువు తగ్గమన్న సలహా వచ్చినప్పుడు. జాబితాలోని ఒక సంకేతం కనిపించి, వారం రోజులు గడిచినా పోకపోతే, రెండోది కనిపించే దాకా ఎదురు చూడకుండా పాత థెరపిస్టుకు ఫోన్ చేసి, వైద్యుడి దగ్గర నాడి, రక్తపరీక్షలు మళ్లీ చేయించుకుని, నాలుగో దశలో చెప్పిన తిండి వేళలకు ఆ రోజు నుంచే తిరిగి రండి.